తిమ్మిరి చేప, తేలు మంత్రం

నడిమిట్ట అనే చేపలు పట్టే పట్టపువాళ్ళ పాళెంలో చిన్నపోలయ్యకు రెండు విషయాల్లో పేరుంది. అతను విసురువల వేస్తే అది గాలిలో పళ్ళెంలాగా గుండ్రంగా విచ్చుకుని నీళ్ళ మీద పడుతుంది, ఎక్కడా మడత ఉండదు. రెండోది, అతని నోరు ఊరుకోదు. మొదటిదాని కోసం ఊరు అతన్ని భరించింది. రెండోదాని కోసం ఊరి కాపులు అతని మీద ఒక కన్నేసి ఉంచారు.

కాపులంటే ఆ పాళెంలో తీర్పులు చెప్పే పెద్దలు. నలుగురు. వాళ్ళలో వయసుకు చిన్నవాడు, గొంతుకు పెద్దవాడు ముత్యాలయ్య. పోలయ్య పెళ్ళాం పేరమ్మకు స్వయానా అన్న. అందుకని పోలయ్యకు తీర్పులు రెండుచోట్ల జరిగేవి. ఒకసారి సముద్రం ఒడ్డున కాపులు కూర్చునే తాటాకు పందిట్లో, ఇంకోసారి ఇంట్లో.

అరవై ఒకటో సంవత్సరం మాఘమాసంలో పక్క పాళెం వాళ్ళు వీళ్ళ వల కోశారు. కోయలేదని వాళ్ళన్నారు. ఈ తగాదా తేలేదాకా ఎవరూ వేటకు పోకూడదని కాపులు దురాయి వేశారు. దురాయి అంటే ఊరి కట్టు. అది పడ్డాక తెప్ప కదలకూడదు, వల తడవకూడదు. తప్పినవాడికి ఎవరి తెప్పలోనూ చోటుండదు. సొంత తెప్ప ఉన్నవాడైతే ఎట్లాగో బతుకుతాడు. పోలయ్య పరాయి తెప్పలో నాలుగో మనిషి. అతనికి చోటు పోవడమంటే బతుకు పోవడమే.

"కోసింది వాళ్ళు, ఎండేది మన కడుపు. ఇదేం శిచ్చ బావా?" అని పోలయ్య పందిట్లో అందరిముందే అడిగాడు.

"నోరు ముయ్యి. ఇది ఊరి మర్యాద," అన్నాడు ముత్యాలయ్య.

"మర్యాదను పులుసు పెడితే ఎట్టుంటాదో మా పేరమ్మను అడగాల."

కొందరు నవ్వారు. నవ్విన వాళ్ళ మొహాలు ముత్యాలయ్య గుర్తుపెట్టుకున్నాడు.

పదకొండు రోజులు గడిచాయి. కాపులు రోజూ పొద్దున్నే పందిట్లో చేరి, పొగాకు నమిలి, నిన్న మాట ఎక్కడ ఆపారో మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేవాళ్ళు. పాళెమంతా ఎండుచేప తిని తిని నాలుకలకు ఉప్పు పట్టింది. పన్నెండో రోజు మధ్యాహ్నం జనమంతా పందిట్లో ఉన్నప్పుడు పోలయ్య లేచి, చెంబు పట్టుకుని, దొడ్డికి పోతున్నవాడిలాగా ఊరి వెనక ఉన్న ఉప్పుటేటి వైపు నడిచాడు. దోవలో ఇంటి చూరుకున్న విసురువల కూడా చంకెక్కింది. దురాయి వేటకు గదా, నేను పోయేది ఏటికి గదా అని అతను తనకు తానే ఒక తీర్పు చెప్పుకున్నాడు. కాపుల తీర్పులకన్నా అది త్వరగా తేలింది.

మోకాటిలోతు నీళ్ళు. మూడోసారి వేసినప్పుడు వలలో రొయ్యలతో బాటు ఒక టేకు చేప పడింది. టేకు చాపముక్కలాగా బల్లపరుపుగా ఉంటుంది. దాని తోకలో రంపపు పళ్ళున్న ముల్లుంటుంది. పట్టపువాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ దొంగపని చేసేవాడి కళ్ళు చేతుల మీద ఉండవు, గట్టు మీద ఉంటాయి. టేకు తోక విదిలించింది. ముల్లు అతని కుడిచేతి చిటికెన వేలి పక్కన దిగి, కండ చీల్చుకుంటూ బయటికి వచ్చింది.

అరిచేదానికి వీల్లేదు. తువ్వాలు నోట్లో కుక్కుకుని, రొయ్యల్ని నీళ్ళలోకే విదిలించి, వలను పొదలో దాచి ఇంటికొచ్చాడు.

పేరమ్మ చెయ్యి చూసింది. "టేకు ముల్లు గదయ్యా ఇది?"

"కాదు. తేలు."

"ఏట్లో తేలుండాదా?"

"మెల్లిగా మాట్టాడు. నేను ఏటికి పోలేదు. పొయ్యి కట్టెలు తీస్తా ఉంటే కుట్టింది. నీకింకేం తెలవదు."

టేకు ముల్లుకు మందేమిటో ఆ పాళెంలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి ముంచి పూటంతా కూర్చోవాలి. కానీ తేలు కుట్టినవాడు వేడినీళ్ళు కాచుకోడు. పట్టపగలు పొయ్యి మీద కుండెడు నీళ్ళు పెట్టి పోలయ్య చెయ్యి ముంచాడంటే, ఏటికి పోయి దురాయి తప్పానని ఊళ్ళో తప్పెట వేయించినట్టే. అందుకని వేడినీళ్ళు లేవు. తేలు అన్నాక తేలు వైద్యమే చెయ్యాలి. తేలు మంత్రానికి ఆదిశేషమ్మ వచ్చింది.

ఆదిశేషమ్మకు డెబ్భై దాటాయి. వేపమండ పట్టుకుని వచ్చి కూర్చుని, గాయాన్ని చాలాసేపు చూసింది. పోలయ్య మొహం ఇంకా ఎక్కువసేపు చూసింది.

"పెద్ద తేలే," అంది. మంత్రం మొదలుపెట్టింది.

సాయంత్రం ముత్యాలయ్య వచ్చాడు. "తేలేనా?"

"తేలే బావా."

"ఏం తేలు?"

"నల్లది."

"అట్నా," అని ముత్యాలయ్య కాసేపు కూర్చుని, "ఆదిశేషమ్మా, రేపు గూడా వెయ్యి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

రెండో రోజు కూడా అదే ప్రశ్న, అదే జవాబు, అదే మంత్రం. మూడో రోజూ అంతే. లేని తేలు విషం రోజూ భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి మణికట్టుకు దిగుతున్నదని ఆదిశేషమ్మ చెబుతూనే ఉంది. ఉన్న విషం మాత్రం ఎదురుగా పైకి ఎక్కుతూ వచ్చింది. నాలుగో రోజుకు చెయ్యి సొరకాయంత అయింది. వాసన మొదలైంది.

"మంత్రం నీ చేతికి గాదు, నీ నోటికి ఎయ్యాల," అని పేరమ్మ అతన్ని బండెక్కించింది. కోట ఊరి దాకా బండి, అక్కణ్ణుంచి గూడూరుకు బస్సు. చెల్లెలి మొగుడు గదా అని ముత్యాలయ్య కూడా బయల్దేరాడు. అతను రాకపోతే బాగుండునని పోలయ్య మనసులో దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. దేవుళ్ళు కూడా కాపుల పక్షమే.

గూడూరు మిషను ఆసుపత్రిలో డాక్టరు పద్మనాభయ్య. కొత్తగా మద్రాసులో చదువు ముగించుకుని వచ్చాడు. నెల్లూరు జిల్లాలోనే పుట్టాడు గాని మెట్ట ఊరివాడు, ఆయనకు సముద్రమంటే పటంలో ఉండే నీలంరంగు. అందుకని తేలంటే నమ్మేశాడు.

"చీము మణికట్టు దాకా పాకింది. కోసి తియ్యాలి. రెండు వేళ్ళు పోతాయి. ఆలస్యం చేస్తే చెయ్యే పోతుంది."

"కొయ్యండి సామీ."

"క్లోరోఫారం ఇస్తాము. నీకు ఏమీ తెలియదు."

చాలా బాగుందనుకున్నాడు పోలయ్య. ఆ అనుకోవడం మధ్యాహ్నం దాకా నిలిచింది.

పక్క మంచంలో సంగం నుంచి వచ్చిన కామాక్షయ్య అనే రైతు ఉన్నాడు. బుడ్డకు ఆపరేషను. పెద్దమనిషి. పొద్దున్నే నామం పెట్టుకుని, వార్డులో ఉన్నవాళ్ళందరికీ ధర్మం మీద పావుగంట చెప్పేవాడు. మధ్యాహ్నం ఆయన్ను లోపలికి తీసుకుపోయి, కోసి, కుట్టి, బల్ల మీద బయటికి తెచ్చారు. కళ్ళు మూసుకునే ఉన్నాయి. నోరు మాత్రం విప్పాడు.

"గట్టు నేనే జరిపినారా తమ్ముడా! రెండు మూరలు! నువ్వు పెళ్ళాన్ని తీసుకోని తిరపతి పొయ్యుంటే, పట్టపగలే జరిపినా! నువ్వు ఎర్రిబాగులోడివిరా!"

ఆ తమ్ముడు అన్న కోసం నిమ్మకాయ నీళ్ళు కలుపుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. విన్నాడు. నిమ్మకాయ నీళ్ళు తానే తాగేసి, లోటా అక్కడ పెట్టి, సంగం బస్సెక్కాడు.

పోలయ్యకు చేతి నొప్పి ఒక్కసారిగా మాయమైంది. ఆపరేషను గదిలో ముక్కు మీద జాలీ పెట్టి క్లోరోఫారం చుక్కలు వేసే హెబ్రోను దగ్గరికి పోయాడు. హెబ్రోను ఇరవై ఏళ్ళుగా అదే పని చేస్తున్నాడు.

"హెబ్రోనన్నా, ఆ మందుకు అందురూ వాగతారా?"

"అందురూ కాదబ్బా. కడుపులో ఏదన్నా దాచుకున్నోళ్ళే జాస్తి. పోయిన నెల ఒక స్వాములోరు ఉప్పుచేప గావాలని ఏడ్సినాడు. ఒక పంతులు నాలుగు పద్యాలు చదివి, అయిదోదాన్లో హెడ్మాస్టర్ని తిట్టినాడు. నీ కడుపులో ఏముండాది?"

"ఏం లేదు. బంధువులు యాడుంటారు ఆ టయానికి?"

"తలుపు కాడ."

తలుపు దగ్గర ముత్యాలయ్య ఉంటాడు. దురాయి వేసినవాడే గుమ్మంలో కూర్చుంటాడు, తప్పినవాడు లోపల నోరు తెరుచుకుని పడుకుంటాడు. పోలయ్య నేరుగా డాక్టరు దగ్గరికి పోయి, తనకు క్లోరోఫారం వద్దన్నాడు.

"నొప్పికి చచ్చిపోతావు."

"చావను సామీ. తిమ్మిరి తెప్పిస్తా."

"ఏమిటది?"

"చేప. పట్టుకుంటే చెయ్యి మొద్దుబారి పోతాది. మా ముసిలోళ్ళు మోకాళ్ళ నొప్పులకు దాని మీద నిలబడతారు. చెయ్యి మొద్దుబారినాక మీరు కోసుకోండి."

డాక్టరుకు నవ్వొచ్చింది. తర్వాత కుతూహలం పుట్టింది. మర్నాడు సాయంత్రం నాలుగింటిదాకా గడువిచ్చాడు. ఆ తర్వాత చేప లేదు, కథ లేదు, క్లోరోఫారమే అన్నాడు.

పేరమ్మ అప్పటికప్పుడు బస్సెక్కింది. సొంత పాళెంలో దురాయి. తిమ్మిరిని పట్టేవాడు లేడు. ఆమె నేరుగా పక్క పాళెం పోయింది. వల కోసినవాళ్ళకు దురాయి ఏమీ లేదు గదా, రోజూ వేటకు పోతూ నిండా తిని నున్నగా ఉన్నారు. పేరమ్మ కష్టం విని, మర్నాడు తెల్లవారే ఒక చేపను బతికుండగా పట్టి, కుండలో సముద్రపు నీళ్ళు పోసి ఇచ్చారు. బస్సులో కుండ ఏమిటని అడిగిన వాళ్ళందరికీ పేరమ్మ "మందు" అని చెప్పింది.

రెండింటికి కుండ వార్డుకు చేరింది. చేరడంతోనే సగం ఆసుపత్రి దాని చుట్టూ మూగింది. గోధుమరంగు మీద మచ్చలు, పళ్ళెమంత ఒళ్ళు, పొట్టి తోక. పెద్ద చప్పిడి అట్టులాగా అడుగున పడుకుని ఉంది.

"ఇదా?" అని హెబ్రోను వేలు పెట్టాడు. పెట్టి, తన ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎన్నడూ అనని మాట ఒకటి అన్నాడు. దాంతో అందరికీ సరదా పుట్టింది. ఒక నర్సు ముట్టుకుని కెవ్వుమంది. ఇంకో నర్సు అది నిజమేనా అని చూడ్డానికి ముట్టుకుంది. వంటమనిషి, తోటమాలి, బుడ్డ కుట్లు పట్టుకుని కామాక్షయ్య కూడా. పోలయ్య వద్దు వద్దని మొత్తుకుంటూనే ఉన్నాడు. చివరికి డాక్టరు వచ్చి, కోటు చెయ్యి పైకి మడిచి, శాస్త్రీయంగా రెండు చేతులతో పట్టుకున్నాడు. శాస్త్రీయంగానే వెనక్కి తూలి నేలమీద కూర్చున్నాడు.

చదువుకున్నవాళ్ళు పడితే లేవగానే మొదట ఉపన్యాసం చెబుతారు. డాక్టరు కూడా కోటు దులుపుకుంటూ మొదలుపెట్టాడు.

"దీని గురించి నేను చదివాను. గ్రీకు భాషలో నార్కే అంటే తిమ్మిరి. వాళ్ళు ఈ చేపను కూడా ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. ఒళ్ళు మొద్దుబార్చే మందులకు మా శాస్త్రంలో నార్కోటిక్ అన్న పేరు ఆ మాటనుంచే వచ్చింది. ఇప్పుడు సర్కారువాళ్ళు నల్లమందుకు, గంజాయికి ఆ పేరు తగిలించి కేసులు రాస్తున్నారు గాని, మొదట దాని అర్థం మత్తూ కాదు, నేరమూ కాదు. మొద్దుబారడం. ఏదీ తెలియకపోవడం. అంతే."

పోలయ్య శ్రద్ధగా విన్నాడు. "ఆ గ్రీకులు పట్టపోళ్ళా సామీ?"

"కాదయ్యా. గొప్ప పండితులు. రెండువేల ఏళ్ళ నాటివాళ్ళు."

"పండితుడు చేపను పట్టుకోడు సామీ. ముందు పట్టుకున్నోడు ఆ ఊరి పట్టపోడే అయ్యుంటాడు. చెయ్యి మొద్దుబారి వాడు తిమ్మిరి అని అరిసుంటాడు. పండితుడు గట్టు మీద నిలబడి రాసుకోనుంటాడు. మీరు దాన్ని సీసాలో పోసి మూత బిగించినారు."

డాక్టరు ఇంకా జివ్వుమంటున్న చేతిని కోటుకు రుద్దుకున్నాడు.

పోలయ్య కళ్ళు మూసుకుని, వాచిన చెయ్యి కుండలో పెట్టి చేప వీపు మీద గట్టిగా అదిమాడు. చీమ పాకినట్టయింది. మళ్ళీ అదిమాడు. చీమ కూడా లేదు. తిమ్మిరి దగ్గర ఉన్నదంతా నర్సులకు, తోటమాలికి, సంగం రైతుకు, శాస్త్రానికి పంచి అయిపోయింది. ఇంక దాన్ని ఎంత నొక్కినా అది మామూలు చేపే.

గడియారం మూడున్నర చూపిస్తోంది. డాక్టరు పోలయ్య మోచెయ్యి నొక్కి చూశాడు. "ఎరుపు ఇక్కడిదాకా వచ్చింది. నాలుగు దాటితే వేళ్ళ సంగతి కాదు, చెయ్యి సంగతి. ఏమంటావు?"

వల వేసేదానికి చెయ్యి కావాలి, తెప్పలో చోటూ కావాలి. ఏదో ఒకటే మిగుల్తుంది. చోటు పోయినా చెయ్యి ఉంటే ఏట్లో వలేసి బతకొచ్చు. చెయ్యి పోతే చోటుండి ఏం చెయ్యాలి? ఎటు చూసినా అతనికి అంతే తేలింది.

"కానీండి సామీ. ఒక తువ్వాలు ఇయ్యండి. నోరు కట్టుకుంటా."

"నోరు కడితే ఊపిరెట్టా అబ్బా?" అన్నాడు హెబ్రోను.

జాలీ ముక్కు మీదికి వచ్చింది. తీపివాసన. పోలయ్య పళ్ళు బిగించి, తేలు తేలు తేలు అని లోపల జపం చేసుకుంటూ మునిగిపోయాడు.

తెలివొచ్చేసరికి కుడిచేతికి తలకాయంత కట్టు ఉంది. కట్టులో మూడు వేళ్ళే ఉన్నాయి. పేరమ్మ ఏడ్చి ఏడ్చి కూర్చున్నచోటే కునుకు తీస్తోంది. మంచం కాళ్ళవైపు ముత్యాలయ్య మొహం ముడుచుకుని, బత్తాయి ఒలుస్తూ ఉన్నాడు. ఒక తొన పోలయ్య నోట్లో పెట్టాడు గాని మాట్లాడలేదు.

మర్నాడూ మాట్లాడలేదు. ఆ మర్నాడూ అంతే. బావ దగ్గితే దురాయి అన్నట్టు వినిపించింది. బావ నిట్టూరిస్తే వెలి అన్నట్టు తోచింది. పోలయ్య హెబ్రోనును చాటుగా పిలిచాడు.

"నేనేమన్నా వాగినానా అన్నా?"

"ఆ గదిలో విన్నది బయట చెప్పకూడదని ఈ ఆసుపత్రి నడిపే దొరసానమ్మ నా చేత ఒట్టేయించింది."

"స్వాములోరి సంగతి చెప్పినావే!"

"అది నీకు ఆపరేషను గాకముందు. ఇప్పుడు నువ్వు గూడా నా పేషెంటువి."

మూడో రోజు మధ్యాహ్నం పోలయ్య తట్టుకోలేకపోయాడు. మంచం మీద లేచి కూర్చుని, "బావా, అది తేలు కాదు. టేకు. దురాయి ఉండంగా ఏట్లో వలేసినా. నువ్వు విన్నావు గదా. ఇంక ఏం జేస్తావో చెయ్యి," అన్నాడు.

ముత్యాలయ్య వింతగా చూశాడు. "నేనేం వినలా. నువ్వు దుంగ మాదిరి పడుకోనుండావు."

"మరి ఈ మొహమెందుకు పెట్టినావు మూడు దినాల్నుంచి?"

"నీ యేళ్ళు పొయ్యినాయి గదరా, అందుకు." ఇంకో బత్తాయి చేతిలోకి తీసుకుని అన్నాడు. "టేకు అని మొదటి దినమే తెలుసులే."

"ఎవురికి?"

"అందురికీ. టేకు గాయం తెలవనోడు పాళెంలో ఎవురుండారు? మేం టేకు అంటే యాడ కుట్టిందని అడగాల. అడిగితే ఏటికి పొయినట్టు తేల్తాది. తేలితే చెల్లెలి మొగుణ్ణి నా నోటితో నేనే వెలెయ్యాల. అందుకని నువ్వు తేలంటే మేమూ తేలనే అన్నాము. రోజూ వొచ్చి అడిగినా గదా, తేలేనా అని. ఒక్కసారన్నా కాదంటివా?"

"మంత్రమెయ్యమని నువ్వే గదా చెప్పినావు?"

"ఊరు చూస్తా ఉండాది గదా."

ఇదంతా విన్న పేరమ్మ లేచి, అన్న చేతిలోంచి బత్తాయి లాక్కుని కిటికీలోంచి బయటికి విసిరేసింది. ఆమె ఆ రోజుకు మాట్లాడింది అంతే.

ఇరవై రోజులకు పోలయ్య పాళెం చేరాడు. అప్పటికి వల తగాదా దానంతటదే చప్పబడిపోయింది, దురాయి ఎత్తేశారు. మిగిలింది పోలయ్య తప్పు. కాపులు పందిట్లో చేరారు. ఆసుపత్రిలో తనకు తానే ఒప్పుకున్నాడు కాబట్టి వెలి వెయ్యడం లేదనీ, నెల రోజులు మాత్రం తెప్ప ఎక్కకూడదు, వల ముట్టకూడదు అనీ ముత్యాలయ్య చాలా దయగా చెప్పాడు. దయ ఎంత ఉందో చూసుకోమన్నట్టు జనం వైపు తిరిగాడు.

పోలయ్య లేచాడు. "సరే బావా. నేను తప్పినా. కానీ ఒక్కటి అడగతా. అది టేకు ముల్లని మొదటి దినమే తెలిసినోళ్ళు ఎవురెవురో చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. చివరికి వెనక వరసలో ఆదిశేషమ్మ చెయ్యి పైకెత్తింది. "నాకు తెలుసు నాయనా. ఎయ్యమన్నారు, ఏసినా. కుండెడు ఉడుకు నీళ్ళు కాచుంటే విషం పొయ్యేది." ఆమె ఎత్తాక ఇంకొకరు ఎత్తారు. తర్వాత పది మంది. తర్వాత లెక్క లేదు. కాపులు నలుగురే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"మొద్దుబారాలంటే చేపను ముట్టుకోవాల్సిందేనని నమ్మినాడు ఆ డాక్టరు," అన్నాడు పోలయ్య. "పాపం, ఆయన ఈ పందిట్లో కూర్చోలా."

ఎవరూ నవ్వలేదు. అతను కూడా నవ్వించడానికి అనలేదు. పందిట్లోంచి దిగి ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దెక్కాక, పందిట్లో కాపులందరూ ఉన్నప్పుడు, పోలయ్య వల భుజాన వేసుకుని వాళ్ళ కళ్ళముందే అలల అంచుకు దిగాడు. మూడు వేళ్ళు వల అంచును ఆపలేకపోయాయి. మొదటిసారి వల పిండిన గుడ్డలాగా ముద్దగా పడింది. రెండోసారీ అంతే. పేరమ్మ గట్టు మీద గంప పెట్టుకుని కూర్చుంది. పోలయ్య అంచును పళ్ళతో కరిచి పట్టుకుని, మణికట్టు మీదికి మడతలెత్తి, నడుం తిప్పి విసిరాడు. ఎన్నోసారో తెలియదు గాని, వల విచ్చుకుంది. మునుపటిలా పళ్ళెం కాలేదు, ఒకవైపు కొరికిన రొట్టెలాగా పడింది. చేపలకు ఆ తేడా పట్టలేదు.

పందిట్లో ముగ్గురు కాపులు ముత్యాలయ్య వైపు చూశారు. ముత్యాలయ్య దూరంగా పోతున్న ఓడ ఏదో కనిపించినట్టు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు చూశాడు. ఆ రోజు ఏ ఓడా పోలేదు.

పేరమ్మ గంప నెత్తికెత్తుకుని నేరుగా ముత్యాలయ్య ఇంటిముందు దించింది.

"వొదినా, చేపలు గావాల్నా?"

ముత్యాలయ్య పెళ్ళాం బయటికొచ్చి అటూ ఇటూ చూసింది. తర్వాత మొప్పలెత్తి చూసి, పెద్దవి రెండు ఏరుకుంది. మధ్యాహ్నం పులుసు పెట్టింది. ముత్యాలయ్య తిన్నాడు.